పెనం మీద చేప, పక్కన పాలకూర: ఇంటి డిన్నర్ కోసం రాసుకున్న ప్రాజెక్టు డైరీ

చేపట్టిన పని చూడడానికి చిన్నదే. తోలుతో ఉన్న చేప ముక్కను పెనం మీద కాల్చాలి. తోలు కరకరలాడాలి, లోపలి కండ తేమ పోకుండా రేకులు రేకులుగా విడివడాలి, పక్కన వడ్డించే పాలకూర పచ్చగా ఉండాలి గానీ నీరు కారకూడదు, ఇవన్నీ నలుగురు కూర్చున్న బల్ల మీదికి ఒకేసారి వేడివేడిగా చేరాలి. వీటిలో ఏ ఒక్కటీ విడిగా కష్టమైనది కాదు, నాలుగూ కలిసిరావడమే కష్టం. అందుకే డిన్నర్‌కు వ్యవధి ఉండగానే ఒక్కో భాగాన్ని విడిగా చేసి చూస్తూ, ఏది ఎందుకు అలా జరుగుతుందో తెలుసుకుని రాసి పెట్టుకోవడం మొదలుపెట్టాను. మొదటి రోజు నుంచే ఒక విషయం స్పష్టమైంది: ఈ వంటలో అసలు వ్యవహారమంతా నీటితోనే. చేప పైన ఉన్న నీటిని పోగొట్టాలి, లోపల ఉన్న నీటిని నిలపాలి, ఆకులో ఉన్న నీటిని ముందే పిండెయ్యాలి.

ముక్క ఎంపిక

తోక వైపు కోసిన ముక్క ఒక అంచున పలచగా, మరో అంచున మందంగా ఉంటుంది కాబట్టి మందపు భాగం ఉడికేసరికి పలుచని భాగం ఎండిపోతుంది. నడుము భాగం నుంచి, అన్ని వైపులా దాదాపు ఒకే మందంలో, రెండున్నర సెంటీమీటర్లకు అటూ ఇటూగా ఉన్న ముక్కలను తీసుకోవడం మంచిది. బరువు ఒక్కొక్కటి 150 నుంచి 180 గ్రాములు ఉంటే ఒక మనిషికి సరిపోతుంది. నేను ఎంచుకున్నది పండుగప్ప. కండ తెల్లగా, గట్టిగా ఉంటుంది, తోలు పెనం మీద బాగా కరకరలాడేలా కాలుతుంది. తోలు మందంగా ఉన్న చేప ఏదైనా ఈ పద్ధతికి లొంగుతుంది. పొలుసు పూర్తిగా తీయించుకోవడం మాత్రం తప్పనిసరి, ఎందుకంటే ఒక్క పొలుసు మిగిలినా తోలు తినడానికి పనికిరాదు. ముక్క మధ్యలో వేలికొసతో నిమిరితే సన్నని ముళ్ల కొనలు తగులుతాయి. వాటిని పట్టకారుతో, అవి వంగి ఉన్న దిశలోనే, అంటే తల వైపుకు లాగితే కండ చిరగకుండా బయటికి వస్తాయి.

తడి ఆరబెట్టడం

నీరు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. ముక్క పైభాగంలో తడి ఉన్నంతసేపూ అక్కడి వేడి ఆ గీత దాటదు, పెనం ఎంత కాగినా సరే. చేపకు బంగారు రంగునూ కమ్మని వాసననూ ఇచ్చే చర్య, అంటే ప్రొటీన్లలోని అమైనో ఆమ్లాలకూ చక్కెరలకూ మధ్య జరిగేది, చురుగ్గా సాగాలంటే దాదాపు 140 డిగ్రీలు కావాలి. ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త లూయీ కమీల్ మయార్ 1912లో దీన్ని వివరించినందువల్ల ఆయన పేరుతోనే పిలుస్తారు. కాబట్టి తడి ముక్కను పెనం మీద వేస్తే మొదటి కొన్ని నిమిషాల మంట అంతా ఆ నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది, ఈలోగా లోపలి కండ ఉడికిపోతుంది. రంగు వచ్చేదాకా ఆగుదామంటే కండ పీచులా తయారవుతుంది.

ఇది కంటితో చూడాలనిపించి రెండు ముక్కలను వేరువేరుగా సిద్ధం చేశాను. ఒకదాన్ని కాగితంతో ఒత్తి తుడిచి ఊరుకున్నాను. రెండోదాన్ని పలక మీద తోలు పైకి వచ్చేలా పెట్టి, కత్తి వీపును ఏటవాలుగా ఆనించి, పొలుసు ఉన్న దిశలోనే నెమ్మదిగా గీరుకుంటూ వచ్చాను. తుడిచినప్పుడు పొడిగా కనిపించిన తోలు నుంచే బూడిద రంగు జిగురు నీరు కత్తి అంచున చేరింది. తుడవడం, మళ్లీ గీరడం, కత్తి మీద ఏమీ చేరని దాకా ఇదే పని. తరువాత ఆ ముక్కను జాలీ మీద, తోలు పైకి ఉండేలా, మూత పెట్టకుండా రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచాను. తెల్లారేసరికి తోలు పట్టుకుంటే దళసరి కాగితంలా తగిలింది. రెండింటినీ ఒకే పెనం మీద పక్కపక్కనే వేసినప్పుడు మొదటిది చిటపటలాడుతూ నూనె చిందించింది, రెండోది సన్నని స్థిరమైన సవ్వడితో కాలింది. తీసిన తరువాత రెండో ముక్క తోలు మీద గోటితో తడితే టకటకమని మోగింది, మొదటిది రంగు వచ్చినా సాగుతూనే ఉంది. ఈ వంటలో అన్నిటికన్నా ఎక్కువ ఫలితమిచ్చే పని ఇదేనని, స్టవ్ వెలిగించడానికి ముందే సగం వంట పూర్తవుతుందని నా నమ్మకం.

ఉప్పు ఎప్పుడు వేయాలన్నదీ ఈ తడి లెక్కలోనిదే. ఉప్పు వేసిన కొద్ది నిమిషాలకు ముక్క నీరు వదలడం మొదలుపెడుతుంది, ఆ చుక్కలు పైన నిలిచి ఉన్న సమయంలో పెనం మీద వేయడం అన్నిటికన్నా చెడ్డది. ఉప్పు చల్లిన వెంటనే వేయాలి, లేదా చాలా ముందుగా వేసి ఆ నీటిని తుడిచెయ్యాలి. నేను రెండో దారినే తీసుకుని ఇంకొంచెం ముందుకు వెళ్లాను: లీటరు నీటిలో 50 గ్రాముల ఉప్పు కలిపి, ముక్కలను అందులో పావుగంట ఉంచి, తుడిచి, గీరి, ఆ తరువాతే ఫ్రిజ్‌లో ఆరబెట్టాను. ఉప్పు కండ లోపలికి సమంగా పడుతుంది. అదీగాక, కాలుతున్నప్పుడు కండ పక్కల నుంచి తెల్లగా, విరిగిన పాలలా బయటికి వచ్చే ప్రొటీను బాగా తగ్గుతుంది.

పెనం, నూనె, మంట

నాన్‌స్టిక్ పెనం మీద చేప అంటుకోదు గానీ ఆ పూతను ఖాళీగా బాగా కాగనివ్వకూడదు, 260 డిగ్రీలు దాటితే అది చెడిపోవడం మొదలవుతుంది. అందువల్ల దళసరి స్టీలు పెనాన్నీ ఇనుప పెనాన్నీ పరీక్షించాను. ఇనుము నెమ్మదిగా కాగుతుంది కానీ చల్లని ముక్క పడగానే వేడిని కోల్పోదు. స్టీలు మంట తగ్గించగానే త్వరగా మాట వింటుంది. ఈ వంటలో మొదట ఎక్కువ వేడి, తరువాత మధ్యస్థమైన వేడి కావాలి కాబట్టి అడుగు మందంగా ఉన్న స్టీలు పెనం వైపే మొగ్గాను.

పెనం కాగిందా లేదా తెలుసుకోవడానికి నీటి చుక్క పరీక్ష నమ్మదగినది. వేడి చాలకపోతే చుక్క అక్కడే బుడబుడమని ఆవిరైపోతుంది. స్టీలు దాదాపు 200 డిగ్రీలకు చేరుకున్నప్పుడు చుక్క ముద్దగా మారి పెనం మీద దొర్లుతుంది, ఎందుకంటే దాని అడుగున ఏర్పడిన ఆవిరి పొర దాన్ని లోహానికి తగలనివ్వదు. జర్మన్ వైద్యుడు యోహాన్ గాట్‌లోబ్ లైడెన్‌ఫ్రాస్ట్ 1756లో ప్రచురించిన పరిశీలన ఇది. చుక్క దొర్లిన తరువాత దాన్ని తుడిచి, నూనె పోసి, నూనె తీగల్లా సాగుతూ మెరిసేదాకా ఆగి, ముక్క వేసిన వెంటనే మంటను మధ్యస్థానికి దించాలి. అంతటి వేడినే చివరిదాకా కొనసాగిస్తే తోలు మాడుతుంది, లోపల పచ్చిగా ఉంటుంది. నూనె శుద్ధి చేసినదై ఉండాలి. వెన్నను మొదట్లో వేయకూడదు, అందులోని పాల పదార్థం నూనె కన్నా చాలా ముందే మాడిపోతుంది.

చేప ఎందుకు అంటుకుంటుందో అర్థమయ్యాక భయం పోయింది. ఉడుకుతున్న ప్రొటీను లోహాన్ని పట్టుకుంటుంది. తోలు గట్టిపడి పొర కట్టాక తనంతట తానే వదులుతుంది. అట్లకాడ అంచును ముక్క కిందికి మెల్లగా పోనిచ్చి చూడాలి. అది అడ్డుకుంటే ఇంకా సమయం కాలేదని అర్థం, అర నిమిషం ఆగాలి తప్ప పెకలించకూడదు.

తోలు ముడుచుకోవడం

వేడి తగలగానే తోలులోని కొల్లాజెన్ అనే ప్రొటీను కుంచించుకుపోతుంది. దాంతో ముక్క నడుము పైకి లేచి, అంచులు మాత్రమే పెనానికి ఆనుకుంటాయి, నడుమ తోలు మెత్తగా మిగిలిపోతుంది. దీనికి మందు సులువైనది. ముక్కను మన వైపు నుంచి అవతలి వైపుకు వాల్చి పెట్టాలి, అప్పుడు నూనె చిందినా మన మీద పడదు. వెంటనే వెడల్పాటి అట్లకాడతో మెత్తగా, అన్ని వైపులా సమంగా అరనిమిషం ఒత్తి పట్టుకోవాలి. గట్టిగా నొక్కనక్కరలేదు, తోలు మొత్తం లోహానికి ఆనితే చాలు. ఆ అరనిమిషం గడిచాక అది మళ్లీ ముడుచుకోదు.

తరువాత చేయవలసింది ముక్కను కదపకుండా పక్క నుంచి చూస్తూ ఉండడమే. పచ్చిగా ఉన్నప్పుడు కండ గాజులా అపారదర్శకానికీ పారదర్శకానికీ నడుమ ఉంటుంది. ఉడికిన భాగం పాలలా తెల్లబడుతుంది. ఆ తెలుపు గీత అడుగు నుంచి పైకి ఎక్కుతూ వస్తుంది. ముప్పాతిక మందం దాకా ఎక్కేంత వరకు తోలు వైపే ఉంచాను. నా ముక్కల మందానికి అది ఐదారు నిమిషాలు పట్టింది. తిరగేశాక ఒక నిమిషం చాలు. అంగుళం మందానికి పది నిమిషాలు అనే కెనడా సూత్రం ఒకటి ప్రసిద్ధమైనది గానీ, పెనం మీద కాల్చే తోలు ముక్కకు అది ఎక్కువే అవుతుంది. గడియారం కన్నా ఆ తెలుపు గీత మంచి సాక్షి.

చేప ఇంత త్వరగా ఉడకడానికి కారణం దాని శరీర నిర్మాణంలోనే ఉంది. నీరే బరువు మోస్తుంది కాబట్టి చేపకు నేల మీది జంతువులంత బిగువైన బంధక కణజాలం అవసరం లేదు. కండ పొట్టి పొరలుగా, వాటి నడుమ పలుచని పటలాలతో అమరి ఉంటుంది. ఆ పటలాలలోని కొల్లాజెన్ మాంసంలోని దాని కన్నా తక్కువ వేడికే కరిగిపోతుంది, అందుకే ఉడికిన చేప రేకులుగా విడివడుతుంది. కండ లోపలి వేడి 55 డిగ్రీల దగ్గర రసం నిండుగా ఉంటుంది, 65 దాటాక రేకులు పొడిబారుతాయి. అమెరికా ఆహార భద్రతా సంస్థలు చేపకు సూచించే లోపలి వేడి 63 డిగ్రీలు. డిన్నర్‌కు వచ్చేవారిలో పెద్దవయసు వారు ఉన్నారు కాబట్టి రుచి కోసం దాని కన్నా తగ్గకూడదని నిశ్చయించుకున్నాను. 61 దగ్గర దించితే పళ్లెంలో మరో రెండు డిగ్రీలు పెరుగుతుందని థర్మామీటరు గుచ్చి చూసి నిర్ధారించుకున్నాను. చేప కండలో వేడి చాలా వేగంగా పెరుగుతుంది, చివరి నిమిషంలో స్టవ్ దగ్గర నుంచి కదలకూడదు.

పాలకూర

పాలకూరలో దాదాపు 91 శాతం నీరే. నలుగురికి కనీసం 800 గ్రాములు కావాలి. గిన్నెలో పొంగి పొరలే ఆ రాశి చివరికి రెండు గుప్పిళ్లవుతుంది. ఆకును నేరుగా పెనం మీద వేసి వాడ్చడం తేలికే, కానీ వడ్డించాక కూడా నీరు వదులుతూనే ఉంటుంది, ఆ నీరు చేప అడుగుకు చేరితే ఇంత కష్టపడి కరకరలాడించిన తోలు రెండు నిమిషాల్లో మెత్తబడుతుంది. అందువల్ల ముందుగా మరిగే నీటిలో ముంచి తీసే పద్ధతినే ఖాయం చేసుకున్నాను.

కడగడంలో ఒక జాగ్రత్త ఉంది. పెద్ద గిన్నెలో నీళ్లు పోసి, ఆకును కలియబెట్టి, ఇసుక అడుక్కి దిగేదాకా ఆగి, ఆకును చేతులతో పైకి ఎత్తి తీయాలి. గిన్నెను వంచి నీరు పారబోస్తే అడుగున ఉన్న ఇసుక మళ్లీ ఆకు మీదికే వస్తుంది. కాడలు ముదురుగా ఉంటే వేరు చేసి, ఆకు కన్నా అరనిమిషం ముందు నీటిలో వేయాలి.

ఆకు రంగు గురించి కొంచెం ఎక్కువ చెప్పుకోవాలి. ఆకుపచ్చకు కారణమైన క్లోరోఫిల్ అణువు నడుమ మెగ్నీషియం ఉంటుంది. పులుపు, వేడి కలిస్తే ఆ మెగ్నీషియం జారిపోయి ఆకు మురికి పచ్చగా మారుతుంది. ఆకు తనలోనే కొన్ని ఆమ్లాలను దాచుకుని ఉంటుంది, ఉడుకుతున్నప్పుడు అవి బయటపడతాయి. నీరు ఎక్కువగా ఉంటే అవి పలచబడతాయి, మూత తీసి ఉంచితే కొన్ని ఆవిరితో పోతాయి, సమయం తక్కువైతే వాటికి పని చేసే వ్యవధే ఉండదు. కనుక నాలుగైదు లీటర్ల నీరు ఉప్పుతో బాగా మరుగుతుండగా ఆకు వేసి, నలభై సెకన్లలో తీసి, మంచు ముక్కలు వేసిన నీటిలోకి మార్చాను. వంటసోడా చిటికెడు వేస్తే రంగు ఇంకా నిలుస్తుంది గానీ ఆకు జిగురుగా మెత్తబడుతుంది, దానివల్ల లాభం లేదు. పాలకూర తిన్నాక పళ్లకు గరుకుగా తగిలేది ఆక్సాలిక్ ఆమ్లం వల్ల. ఉడికించిన నీటిని పారబోయడంతో అందులో కొంత పోతుంది కూడా. అదే పులుపు ఎక్కువ ఉన్న ఆకుకూరలైతే ఎంత జాగ్రత్త పడినా రంగు నిలబెట్టుకోలేవు.

చల్లారిన ఆకును గుప్పిట్లో పట్టి పిండితే ముదురాకుపచ్చ నీరు వేళ్ల సందుల నుంచి ధారగా కారుతుంది. నీరు ఆగిపోయిందనుకున్నాక ఆ ముద్దను తిప్పి మరో దిక్కున పిండితే మళ్లీ అంతే నీరు వస్తుంది. బిగిసిన ముద్దను కత్తితో అడ్డంగా నాలుగైదు చోట్ల కోసి, వేళ్లతో విడదీసి, మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచుకోవచ్చు. వడ్డించే ముందు చేయవలసింది ఇక రెండు నిమిషాల పనే: చల్లని నూనెలో సన్నగా తరిగిన వెల్లుల్లి వేసి, సన్నని సెగ మీద వాసన వచ్చి అంచులు లేతగా రంగు మారేదాకా ఉంచి, పాలకూర వేసి వేడెక్కేదాకా కలపాలి. కాగిన నూనెలో వెల్లుల్లి వేస్తే క్షణంలో చేదెక్కుతుంది. నిమ్మరసం ఆకులో కలపకుండా పళ్లెంలోకి తీశాకే పిండుకోవాలి.

నిమ్మరసం చేపకూ అవసరమే. సముద్రపు చేప కండలో ఉండే ఒక పదార్థం, చేప చనిపోయాక, సూక్ష్మజీవుల వల్ల ట్రైమిథైల్‌అమీన్‌గా మారుతుంది, నీసు వాసనకు ముఖ్య కారణం అదే. అది క్షార స్వభావం కలది. పులుపు తగలగానే లవణంగా మారి గాలిలోకి లేవడం మానేస్తుంది. అయితే తోలు మీద నిమ్మరసం పడకూడదు. రసమైనా, వెన్నైనా ముక్క కిందికే వెళ్లాలి.

క్రమం

నాలుగు ముక్కలను 28 సెంటీమీటర్ల పెనంలో ఇరికించవచ్చు గానీ వేడి ఒక్కసారిగా పడిపోతుంది, ముక్కల నడుమ చేరిన ఆవిరి తోలును ఉడికిస్తుంది. రెండు పెనాలు పక్కపక్కనే పెట్టడమే సరైన దారి. పెనం ఒక్కటే ఉన్నవారు రెండు విడతలుగా కాల్చి, మొదటి విడతను కాస్త ముందే దించి, తోలు పైకి ఉండేలా జాలీ మీద పెట్టి 100 డిగ్రీల ఓవెన్‌లో ఉంచుకోవచ్చు. మూత మాత్రం పెట్టకూడదు.

తినే సమయం నుంచి వెనక్కి లెక్క వేసుకున్నాను. ఎనిమిదింటికి వడ్డన అయితే ఏడూ ముప్పావుకు పెనాలు ఎక్కాలి. ఏడూ యాభైకి చేప పడాలి. చేప తోలు వైపు కుదురుకున్నాక మూడో పొయ్యి మీద వెల్లుల్లి మొదలవ్వాలి. చేపను తిరగేసే ముందే పాలకూర దింపడానికి సిద్ధంగా ఉండాలి, ఎందుకంటే పాలకూర రెండు నిమిషాలు ఆగగలదు, చేప ఆగలేదు. పళ్లేలను గోరువెచ్చగా ఉంచడం చాలామంది వదిలేసే పని. చల్లని పళ్లెం చేప వేడిని చిటికెలో లాగేస్తుంది.

డిన్నర్ రాత్రి

నాలుగింటిలో ఒక ముక్క మిగతావాటి కన్నా అర సెంటీమీటరు పలచగా ఉంది కాబట్టి దాన్ని ఒక నిమిషం ఆలస్యంగా వేశాను. అన్నిటినీ అట్లకాడతో అరనిమిషం చొప్పున ఒత్తి, మంట తగ్గించి, పక్కల తెలుపు ఎక్కడం చూస్తూ నిలబడ్డాను. తిరగేసినప్పుడు తోలు అంచు నుంచి అంచు దాకా ఒకే తేనె రంగులో ఉంది, ఎక్కడా మెత్తని మచ్చ లేదు. పెనంలోని నూనె వంచేసి, మంట బాగా తగ్గించి, చెంచాడు వెన్న వేసి, నురగ తగ్గి కమ్మని వాసన రాగానే నిమ్మరసం, మిరియాల పొడి కలిపి దించాను. పళ్లెంలో ముందు పాలకూర పరిచి, దాని పక్కన ఆ వెన్న వేసి, వెన్న మీద చేపను తోలు పైకి ఉండేలా పెట్టాను.

పెద్దమ్మ ఫోర్కుతో తోలును పక్కకు జరుపుతూ, "ఇది తీసేసి తినాలా అమ్మా?" అని అడిగింది.

"వద్దు పెద్దమ్మా, ముందు అదే తినండి. వేడి మీద ఉన్నప్పుడే బాగుంటుంది" అన్నాను.

ఆమె మొదటి ముక్క కొరికిన చప్పుడు బల్ల అవతలి వరకు వినిపించింది. కండ ఫోర్కు తగలగానే రేకులుగా జారింది. పళ్లేల అడుగున పచ్చ నీరు చేరలేదు. నాకు తృప్తి కలగని విషయం ఒక్కటే: పాలకూరలో వెల్లుల్లి ఒక పాలు ఎక్కువై, చేప సున్నితమైన రుచిని కొంత కప్పేసింది. ఈసారి రెబ్బలు సగానికి తగ్గించి, తరగకుండా చితక్కొట్టి, నూనెకు వాసన పట్టాక తీసేసి చూడాలి. తోలు లేని మందపు ముక్కలకు ఇదే క్రమం ఎంతవరకు పనికొస్తుందో కూడా పరీక్షించాలి. ఒత్తే పని ఉండదు గానీ, అంటుకునే స్వభావం ఎక్కువ కాబట్టి, దానికి ఇనుప పెనంతో మొదలుపెడతాను.